పదకొండు తక్కువ: ఒకే ఆటను రెండు రంగుల్లో ఎందుకు అమ్ముతారు?

150లో 124. పోకెమాన్ రెడ్ కార్ట్రిడ్జ్ కొనుక్కున్న పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా ఎన్ని నెలలు కూర్చుని ఆడినా అతని ఖాతాలో చేరేవి అన్నే. మిగతా 26 జంతువులూ బొమ్మలతో, పేర్లతో, అరుపులతో సహా అదే కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి. డబ్బు కట్టాడు, ఇంటికి తెచ్చుకున్నాడు, అయినా అవి చేతికి రావు.

ఆ 26 ఎటు పోయాయో విడదీసి చూద్దాం. ఆట మొదట్లో మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటారు. వదిలేసిన రెండు వంశాల్లో మూడేసి చొప్పున 6 పోతాయి. రెండు శిలాజాల్లో ఒకటే ఇస్తారు, అక్కడ 2. ఇద్దరు మల్లుల్లో ఒకడే దొరుకుతాడు, అక్కడ 1. ఈవీ అనే చిన్న జంతువు మూడు రూపాల్లో ఏదో ఒకటిగానే మారుతుంది, అక్కడ 2. ఇంకో 4 చేతులు మారితే తప్ప ఎదగవు: కడాబ్రా అనేది స్నేహితుడి గేమ్‌బాయ్‌లోకి వెళ్తేనే అలకజామ్ అవుతుంది. ఇప్పటికి 15. మిగిలిన 11 రెడ్ అడవుల్లో అసలు తిరగవు. అవి బ్లూలో తిరుగుతాయి. బ్లూ కొన్నవాడికి వేరే 11 కనబడవు. (151వ జంతువు మ్యూని ఈ లెక్కలో కలపలేదు. అది మామూలుగా ఆడితే ఎవరికీ దొరకదు. 1996లో జపాన్‌లో ఒక పిల్లల పత్రిక దాన్ని 20 మందికి ఇస్తామంటే దాదాపు 78,000 మంది దరఖాస్తు పెట్టారు.)

జంట ఆట అంటే ఇదే. ఒకటే కథ, అవే ఊళ్ళు, అదే సంగీతం. అట్ట మీద రంగు మారుతుంది, లోపల పదకొండు తగ్గుతాయి.

మా దమ్మపేటలో ఈ లెక్క చెబితే ఫోన్ ఆటలకు అలవాటుపడ్డ కుర్రాళ్ళకు ముందు వచ్చేది కోపం. "పైసలు తీసుకున్నాక గూడా తాళం ఏసి పెట్టారా బాబాయ్?" అంటాడొకడు. తాళం వేసిన మాట నిజమే. కాకపోతే చెవిని కంపెనీ తన దగ్గర ఉంచుకోలేదు, పక్క పిల్లాడి జేబులో పెట్టింది. వీళ్ళు ఆడే ఫ్రీ ఫైర్‌లో అయితే చెవి కావాలంటే డైమండ్లు కొనాలి. 1996 నాటి పోకెమాన్‌లో చెవి కావాలంటే స్నేహం చెయ్యాలి. వ్యాపారమన్నది రెండిట్లోనూ ఉంది, డబ్బు ఏ దారిన వస్తుందన్నదే తేడా.

స్నేహం విలువను కూడా అంకెల్లో పెట్టొచ్చు. రెడ్ ఉన్నవాడూ బ్లూ ఉన్నవాడూ కలిశారనుకోండి. మొదట్లో ఇద్దరూ వేర్వేరు జంతువుల్ని ఎంచుకున్నారు, శిలాజాలూ మల్లులూ చెరొకటి తీసుకున్నారు, ఈవీని చెరో రూపంలోకి మార్చారు. అప్పుడు ఇద్దరికీ 146 దక్కుతాయి. లోటు 26 నుంచి 4కి పడిపోయింది: ఇద్దరూ ఎంచుకోని మూడో వంశంలో 3, ఈవీ మూడో రూపం 1. మూడోవాడు వచ్చి కలిస్తే 150కి 150. అదే ఇద్దరూ రెడ్డే కొనుక్కుని ఉంటే ఎంత తెలివిగా పంచుకున్నా 135 దగ్గర ఆగిపోతారు. తేడా 11.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒంటరివాడికి వచ్చిన 26 లోటులో రంగు వల్ల వచ్చింది 11 మాత్రమే. 15 వేరే కారణాలవి. రంగులు లేకుండా ఒకే ఆట వేసినా పిల్లలు ఇచ్చిపుచ్చుకోవలసిందే. మరి రెండో రంగు ఎందుకు? నాకు తోచింది ఇది. ఆ 15 లోట్లూ ఆట మొదలయ్యాక, ఆడుతూ ఆడుతూ బయటపడతాయి. రంగు లోటు దుకాణంలోనే, అట్టపెట్టె విప్పకముందే మొదలవుతుంది. "నువ్వు ఎర్రది తీసుకో, నేను నీలిది తీసుకుంటా" అని ఇద్దరు పిల్లలు మాట్లాడుకున్నారంటే ఒక్క పెట్టె అమ్ముడుపోవాల్సిన చోట రెండు అమ్ముడుపోయాయన్నమాట. ఆ మాటకు కంపెనీ పైసా ఖర్చు పెట్టలేదు.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది? సతోషి టజిరి 1965లో పుట్టి టోక్యో శివార్లలో పెరిగాడు. చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకునే పిచ్చి ఉండేది. 1983లో సొంతంగా గేమ్ ఫ్రీక్ అని ఒక చిన్న పత్రిక నడిపాడు, 1989లో అదే పేరుతో కంపెనీ పెట్టాడు. అదే ఏడాది ఏప్రిల్ 21న నింటెండో గేమ్‌బాయ్‌ని జపాన్‌లో విడుదల చేసింది. జేబులో పట్టే ఆ యంత్రం పక్కన ఒక చిన్న రంధ్రం, దానిలోంచి ఇంకో గేమ్‌బాయ్‌కి వేసుకునే కేబుల్. టెట్రిస్‌లో ఆ కేబుల్ పని పోటీ: ఇద్దరూ తలపడాలి, ఒకరు ఓడాలి. టజిరికి మాత్రం ఆ తీగ మీద పురుగు పాకుతూ ఇటునుంచి అటు వెళ్తున్నట్టు కనిపించిందట. ఆ ఊహను ఆటగా మలచడానికి దాదాపు ఆరేళ్ళు పట్టింది. 1996 ఫిబ్రవరి 27న రెడ్, గ్రీన్ వచ్చాయి. ధర ఒక్కొక్కటి 3,900 యెన్‌లు. ఒకే ఆటను వేర్వేరు రూపాల్లో వెయ్యమన్న సలహా మారియో సృష్టికర్త షిగెరు మియమోతోదని చెబుతారు. పోకెమాన్ జపాన్ కార్టూన్‌లో హీరో పేరు సతోషి, అతని పోటీదారు పేరు షిగెరు. మన టీవీల్లో చూసిన ఆష్, గ్యారీ వాళ్ళే.

అప్పటికి గేమ్‌బాయ్ వచ్చి దాదాపు ఏడేళ్ళయింది, పాతపడ్డ సరుకు. ఆటకు పెద్ద ప్రచారం లేదు. అమ్మకాలు మెల్లగా మొదలై నోటిమాట మీద పెరిగాయి. అమెరికాకు 1998 సెప్టెంబరు 28న రెడ్, బ్లూ పేర్లతో వెళ్ళింది. రెడ్, గ్రీన్, బ్లూ కలిపి ప్రపంచమంతా అమ్ముడుపోయింది 3 కోట్ల 13 లక్షల పైచిలుకు.

రెండో రంగు తయారు చెయ్యడానికి ఎంత పని పడుతుంది? కార్ట్రిడ్జ్ లోపలికి దిగి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆటలో గడ్డి ఉన్న ప్రతి దారికీ ఒక చిన్న పట్టిక. పట్టికలో పది గళ్ళు. ఒక్కో గడిలో రెండు అంకెలు, అంటే రెండు బైట్లు: ఒకటి జంతువు స్థాయి, ఇంకోటి ఏ జంతువన్నది. మొత్తం దారికి 20 బైట్లు. గడ్డిలో నడుస్తుంటే యంత్రం 0 నుంచి 255 లోపు ఒక అంకెను పాచికలా వేస్తుంది. మొదటి గడికి 256లో 51 వంతులు, అంటే దాదాపు 20 శాతం. పదో గడికి 256లో 3, అంటే 1 శాతం పైన కాస్త. "ఇది చాలా అరుదురా" అని పిల్లలు గొప్పగా చెప్పుకునేదంతా ఆ చివరి గడి మహిమే.

రెడ్‌కీ బ్లూకీ అసలు తేడా ఈ గళ్ళలో ఉంది. రెడ్‌లో ఎకాన్స్ అనే పాము అంకె ఉన్నచోట బ్లూలో సాండ్‌ష్రూ అంకె ఉంటుంది. సాండ్‌ష్రూ చూడ్డానికి మన అడవుల్లో అలుగులా ఉంటుంది. ఆ దారి అదే, గడ్డి అదే, ఒక్క బైట్ మారింది. ఇలా కొన్ని దారుల్లో కొన్ని గళ్ళు, బహుమతుల పట్టికలో ఒకటి రెండు చోట్లు, మొదటి తెర మీద రంగు, అట్టపెట్టె బొమ్మ. అట్టలూ స్టిక్కర్లూ రెండుసార్లు అచ్చువెయ్యాలి, పరీక్షలు రెండుసార్లు చెయ్యాలి, అది ఖర్చే. కానీ కొత్త ఊరు కట్టనక్కర్లేదు, కొత్త పాట రాయనక్కర్లేదు. 150లో రెండు రంగుల్లోనూ తిరిగేవో, రెండిట్లోనూ ఒకేలా దక్కేవో 128. రంగును బట్టి మారేవి 22.

ఈ కిటుకు సినిమాలకూ తెలియనిది కాదు. 1998లో మలయాళంలో ఫాజిల్ తీసిన హరికృష్ణన్స్‌లో మమ్ముట్టి, మోహన్‌లాల్ ఇద్దరూ హీరోలు, హీరోయిన్ జుహీ చావ్లా ఒక్కతే. ఆమె ఎవరికి దక్కిందన్న ముగింపును రెండు రకాలుగా తీసి వేర్వేరు థియేటర్లకు పంపారు. సినిమా అంతా ఒకటే, చివరి కొన్ని నిమిషాలే వేరు. అక్కడ అభిమానుల తగాదా తీర్చడానికి పనికొచ్చింది. పోకెమాన్‌లో పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టడానికి పనికొచ్చింది.

ఇప్పుడు తరగతి గది లెక్క. ముప్పై మంది పిల్లలున్నారు, అందరి దగ్గరా ఆట ఉందనుకుందాం. ఇద్దరిద్దరి చొప్పున జతలు కడితే 435 జతలు. వాళ్ళలో 15 మందిది ఎరుపు, 15 మందిది నీలం అయితే రంగు కలవని జతలు 225. 20, 10 అయితే 200. 25, 5 అయినా 125 ఉంటాయి. 30 మందీ ఎరుపే కొంటే సున్నా. అంటే రెండు రంగులూ సమానంగా అమ్ముడుపోవాలన్న బెంగ కంపెనీకి లేదు. అయిదుగురు పిల్లలు వేరే రంగు కొన్నా తరగతంతటికీ సరిపోతుంది. ఒక పిల్లవాడికి నలుగురు స్నేహితులుండి, వాళ్ళు బొమ్మాబొరుసూ వేసి రంగు కొన్నా, కనీసం ఒకడి దగ్గరైనా తనకు లేని రంగు ఉండే అవకాశం 16లో 15.

ఆ 435 జతల్లో జరిగేది ఏమిటో దగ్గర నుంచి చూడాలి. రెండు గేమ్‌బాయ్‌ల మధ్య మూరెడు కేబుల్, అంచేత ఇద్దరు పిల్లలూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. ఒక్కో జంతువు వివరం 44 బైట్లు: అది ఏ జంతువో, ఎంత బలమో, ఏ విద్యలొచ్చో అంతా ఆ 44లోనే. తెర మీద నిజంగానే ఒక బంతి కేబుల్‌లోంచి జారుకుంటూ అటు వెళ్తుంది. ఇచ్చినవాడి దగ్గర ఆ జంతువు ఇక ఉండదు, అంచేత స్నేహితుడి కోసం ఇంకోటి పట్టాలి. పదకొండు తనకు, పదకొండు వాడికి. వచ్చిన జంతువు మీద మొదటి యజమాని పేరు, అతని అయిదంకెల సంఖ్య ఎప్పటికీ చెరగవు. పరాయి చేతిలో పెరిగిన జంతువుకు అనుభవం ఒకటిన్నర రెట్లు వస్తుంది. కంపెనీ ఇచ్చిన తాయిలం అది: అప్పు తెచ్చుకున్నదే త్వరగా ఎదుగుతుంది.

పిల్లలు పిల్లలే. బంతి సరిగ్గా ఒక క్షణంలో ఉన్నప్పుడు ఒక యంత్రం ఆపేస్తే ఒకే జంతువు ఇద్దరి దగ్గరా మిగిలిపోతుందని కనిపెట్టేశారు. ఇంత లెక్కతో కట్టిన కరువును ఒక్క స్విచ్చుతో తీర్చేశారు.

ఒక చిన్న వివరం అన్నిటికన్నా పెద్ద పని చేసింది. ఆ కార్ట్రిడ్జ్‌లో ఒక్కరి ఆటకే చోటుంది. కొత్త ఆట మొదలుపెట్టి దాచుకుంటే పాతది తుడిచిపెట్టుకుపోతుంది. ఇంట్లో అన్నాతమ్ముళ్ళుంటే ఒక కార్ట్రిడ్జ్‌ని పంచుకోలేరు, ఎలాగూ రెండు కొనాలి. ఒకే వస్తువు రెండుసార్లు కొనమంటే ఏ తండ్రైనా "ఉన్నదాంతో ఆడుకోండిరా" అంటాడు. రంగు వేరు, లోపల దొరికేవి వేరు అంటే ఆ తండ్రికి జవాబు దొరికినట్టే. నా ఉద్దేశంలో జంట ఆట గెలిచింది ఒక్కడే రెండూ కొంటాడని కాదు, ఇద్దరు చెరొకటి కొంటారని. దురాశ అనే మాట కన్నా చాకచక్యం అనే మాటే దానికి సరిపోతుంది, కనీసం మొదటి పదేళ్ళకు.

అమ్మకాల అంకెలు చదివేటప్పుడు ఇదే గుర్తుండాలి. నింటెండో జంటను ఒకే వస్తువుగా లెక్కేసి మొత్తం చెబుతుంది. గోల్డ్, సిల్వర్ కలిపి 2 కోట్ల 31 లక్షలు. రూబీ, సఫైర్ కలిపి 1 కోటి 62 లక్షలు. డైమండ్, పెర్ల్ కలిపి 1 కోటి 76 లక్షలు. 2022 నవంబరు 18న వచ్చిన స్కార్లెట్, వయొలెట్ మూడే రోజుల్లో కోటి దాటాయి. ఇవి పెట్టెల లెక్క, మనుషుల లెక్క కాదు. ఒకే ఇంట్లోకి, ఒకే చేతిలోకి రెండూ వెళ్ళినవి ఇందులో కలిసే ఉంటాయి.

జంట కాబట్టే అమ్ముడుపోతోందా అంటే దానికీ ఒక పోలిక ఉంది. 2021 నవంబరులో పాత డైమండ్, పెర్ల్‌ని కొత్తగా చేసి జంటగానే వదిలారు. మొదటి వారంలో రెండూ కలిపి 60 లక్షలు. మూడు నెలలు తిరక్కుండా, 2022 జనవరి 28న లెజెండ్స్ ఆర్సియస్ వచ్చింది. రంగులు లేవు, జంట లేదు, ఒక్కటే పెట్టె. మొదటి ఏడు రోజుల్లో 65 లక్షలు. పాతదాన్ని కొత్తగా చేసినదానికీ కొత్త తరహా ఆటకూ పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. కానీ జంట లేకపోతే కొంప మునుగుతుందన్న వాదన మాత్రం ఆ వారంతో తేలిపోయింది. 2025లో వచ్చిన లెజెండ్స్ జెడ్-ఏ కూడా ఒంటరిదే.

పక్క పిల్లాడి అవసరం తగ్గుతూ రావడం 2006లో మొదలైంది. డైమండ్, పెర్ల్‌లో ఇంటర్నెట్ ద్వారా ముక్కూమొహం తెలియనివాళ్ళతో మార్చుకునే సౌకర్యం పెట్టారు. నాకు ఫలానాది కావాలి, ఫలానాది ఇస్తాను అని రాసిపెడితే రాత్రికి రాత్రి ఏ దేశం నుంచో వచ్చి పడుతుంది. మోకాళ్ళు తగిలే కేబుల్ పోయింది. అప్పటికి జంట పెట్టడానికి మొదట చెప్పిన కారణం చాలావరకు తీరిపోయింది. అయినా జంట ఉంది. స్వోర్డ్, షీల్డ్ అమెరికాలో ఒక్కొక్కటి 59.99 డాలర్లు. రెండూ కలిపి ఒకే పెట్టెలో పెట్టి 120 డాలర్ల దగ్గర అమ్మారు. జంటగా కొన్నందుకు తగ్గింపు లేదు. ఇక్కడికొచ్చేసరికి నాకు చాకచక్యం అన్న మాట నోటికి రావట్లేదు.

దీనికి ఎదురుగా ఫైర్ ఎంబ్లెమ్ ఫేట్స్‌ని పెట్టి చూడాలి. 2015లో జపాన్‌లో రెండు పెట్టెలుగా వచ్చింది, కానీ రెండిట్లో కథే వేరు, యుద్ధాలే వేరు. అమెరికాలో ఒకటి 39.99 డాలర్లకు కొన్నవాడికి రెండోది 19.99కే ఇచ్చారు. రెండోసారి సగం ధర అడగడం అంటే, రెండోసారి నువ్వు కొనేది కొంత పాతదేనని ఒప్పుకోవడం.

రెండే ఎందుకు, మూడు ఎందుకు కాదు? ప్రయత్నించినవాళ్ళున్నారు. జెల్డా ఆటల్లో ఒరాకిల్ పేరుతో వచ్చినవి మొదట మూడుగా అనుకున్నవే. ఒకటి పూర్తిచేస్తే ఒక సంకేతపదం వస్తుంది, దాన్ని రెండోదాంట్లో కొడితే కథ కొనసాగుతుంది, అసలు విలన్ అప్పుడే బయటికొస్తాడు. రెండు ఆటలైతే ఆడే వరస రెండు రకాలు: ముందు ఇది తర్వాత అది, లేదా అటుదిటు. మూడైతే ఆరు రకాలు. ఆరింటిలో ఏ వరసలో వచ్చినా కథ అతకాలి. ఆ చిక్కు తెగక మూడోదాన్ని వదిలేశారు. 2001 ఫిబ్రవరి 27న రెండే వచ్చాయి. చూశారుగా, అది కూడా ఫిబ్రవరి 27.

ఇదంతా జపాన్ బడి పిల్లల సంగతి. దమ్మపేటకు గేమ్‌బాయ్ రాలేదు. మా తరానికి తెలిసింది టీవీకి తగిలించుకునే వీడియో గేమ్. అది 1983 నాటి జపాన్ యంత్రానికి నకలు, దాని కార్ట్రిడ్జ్ మీద 9999 ఇన్ 1 అని రాసి ఉండేది. కిందికి జరుపుకుంటూ పోతే అదే మారియో, అదే కాంట్రా, పేరు పక్కన అంకె మారి మళ్ళీ మళ్ళీ వచ్చేవి. నిజంగా ఉన్నవి పదుల్లో. పోకెమాన్ వాళ్ళు ఒక ఆటను రెండుగా కోసి అమ్మారు, మనకు అమ్మినవాళ్ళు కొన్ని ఆటల్ని పదివేలుగా చూపించారు. ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం మనకూ ఉంది: సగంరోజుకు కార్ట్రిడ్జ్ మార్చుకోవడం.

పోకెమాన్ పేరు ఇక్కడికి చేరింది బొమ్మలుగా. టీవీలో కార్టూన్ వచ్చింది, తరవాత తెలుగు గొంతులతోనూ వచ్చింది. 2000 దశకంలో చిప్స్ ప్యాకెట్లలో పోకెమాన్ టాజోలు వచ్చాయి. జంట ఆట సూత్రం దమ్మపేటలో పనిచేసిన చోటు ఏదైనా ఉంటే అదే. ఒక సెట్‌లో 50 రకాలున్నాయనుకుందాం, అన్నీ సమానంగా దొరుకుతాయనుకుందాం. ఎవరితోనూ మార్చుకోకుండా 50 పూర్తి చెయ్యాలంటే సగటున 225 ప్యాకెట్లు విప్పాలి. ప్యాకెట్ 5 రూపాయలైతే 1,125 రూపాయలు. ఒక్క చివరి టాజో కోసమే సగటున 50 ప్యాకెట్లు. ఆ డబ్బు ఎవరిస్తారు? అందుకే బడి వరండాలో బేరాలు. "నా దగ్గర రెండు పికాచులున్నయ్ రా, నీ కాడ ఏమున్నయ్?" 1996లో జపాన్ పిల్లలు కేబుల్ తగిలించి చేసింది ఇదే. ఇక్కడ నడవడానికి కారణం తేలిక: ఆటలోకి దిగడానికి కావలసింది ఒక్క ప్యాకెట్ ధర. గేమ్‌బాయ్ లెక్కలో అయితే ఊరంతటికీ ఒకడి దగ్గరే ఉంటే లాభం లేదు. ముప్పై మందికి 435 జతలు, ఒక్కడికి సున్నా.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఊళ్ళో జంట ఆటలు దిగాయి, అయితే వేరే కారణానికి. పబ్‌జీ మొబైల్ పక్కన పబ్‌జీ మొబైల్ లైట్. పెద్దదాంట్లో 100 మంది దిగుతారు, మ్యాప్ 8 కిలోమీటర్ల వెడల్పు, 8 కిలోమీటర్ల పొడవు. లైట్‌లో 60 మంది, 2 కిలోమీటర్లు ఇటూ 2 కిలోమీటర్లు అటూ. కొలతను ఇంతగా తగ్గించింది 1 జీబీ ర్యామ్ ఫోన్ల కోసం. ఇక్కడ రెండు రూపాలుగా చీల్చింది పిల్లల స్నేహం చూసి కాదు, జేబులో ఫోన్ ధర చూసి. పైగా ఇవి కలవవు. లైట్ ఆడేవాడు పెద్ద ఆటలోకి రాలేడు. ఆయిల్‌పామ్ తోటలున్న ఇంటి కుర్రాడూ, ఆ తోటలో గెలలు కోసే ఇంటి కుర్రాడూ బడిలో ఒకే బెంచీ. ఫోన్లలో మాత్రం ఒకడిది పెద్ద మ్యాప్, ఒకడిది చిన్న మ్యాప్. పోకెమాన్ జంటకు ఇది సరిగ్గా తిరగేసిన బొమ్మ: అది వేరు రంగువాళ్ళను కూర్చోబెడితే ఇది కూర్చున్నవాళ్ళను విడగొట్టింది.

గరేనా కంపెనీ ఈ తప్పు చెయ్యలేదు. 2017 నుంచి ఉన్న ఫ్రీ ఫైర్‌కి 2021 సెప్టెంబరు 28న ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌ని జత చేసింది. మ్యాక్స్‌లో బొమ్మ మెరుగు, బరువు ఎక్కువ. ఖాతా మాత్రం రెండిటికీ ఒకటే, చవక ఫోన్‌లో మామూలుదీ మంచి ఫోన్‌లో మ్యాక్సూ పెట్టుకుని ఇద్దరూ ఒకే జట్టులో దిగొచ్చు. తయారు చేసినవాడు ఫోన్ ధరను పట్టించుకున్నాడు, పక్కవాణ్ణీ వదల్లేదు.

తర్వాత ప్రభుత్వం వచ్చింది. 2020 సెప్టెంబరు 2న నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్, దాని లైట్ రెండూ ఉన్నాయి. 2022 ఫిబ్రవరి 14న మరో 54 యాప్‌లపై వేటు పడింది, వాటిలో ఫ్రీ ఫైర్ ఉంది. మ్యాక్స్ పేరు ఆ జాబితాలో లేదు. జంటలో తేలికైనది పోయింది, బరువైనది మిగిలింది. చవక ఫోన్ ఉన్నవాడికి ఉన్న దారి ఒకటే: మ్యాక్స్‌నే ఎక్కించుకుని, ఫోటోలూ వాట్సాప్ వీడియోలూ చెరిపేసి, ఫోన్ వేడెక్కితే కాసేపు పక్కన పెట్టి ఆడడం. దమ్మపేట సెంటర్‌లో సాయంత్రం ఏ కుర్రాణ్ణి అడిగినా ర్యామ్ ఎంతో, స్టోరేజ్‌లో ఎన్ని జీబీలు మిగిలాయో టక్కున చెబుతాడు. పబ్‌జీ మన దేశానికని ప్రత్యేకంగా బీజీఎంఐ పేరుతో 2021 జులై 2న తిరిగొచ్చింది, 2022 జులై 28న మళ్ళీ ఆగింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. అదీ ఒక జంటే: ప్రపంచానికొకటి, భారతదేశానికొకటి. మనదాంట్లో రక్తాన్ని ఆకుపచ్చగా పెట్టుకోవచ్చు.

పోకెమాన్ కూడా ఫోన్‌లోకి దిగింది. పోకెమాన్ గో మన దేశంలోకి 2016 డిసెంబరు 14న జియోతో కలిసి అధికారికంగా వచ్చింది. అందులో రెడ్ లేదు, బ్లూ లేదు. రంగుల స్థానంలో భూగోళాన్ని పెట్టారు: కంగస్కాన్ కావాలంటే ఆస్ట్రేలియా, టారోస్ కావాలంటే ఉత్తర అమెరికా, ఫార్‌ఫెచ్డ్ కావాలంటే తూర్పు ఆసియా. 1996లో పక్క పిల్లాడి దగ్గర దొరికేది ఇప్పుడు విమానం టికెట్టు పెడితే గానీ దొరకదు, లేదా అక్కడికి వెళ్ళొచ్చినవాడు ఇవ్వాలి. 2018 జూన్‌లో మార్పిడి మొదలుపెట్టినప్పుడు పెట్టిన షరతు చూడండి: ఇద్దరూ 100 మీటర్ల లోపు ఉండాలి. కేబుల్ పోయి పన్నెండేళ్ళయినా కేబుల్ పొడవు మాత్రం ఉంచారు. ఆటకు మూలమైన మజిలీలన్నీ నగరాల్లోని విగ్రహాల దగ్గరా గుళ్ళ దగ్గరా గుంపుగా ఉన్నాయి, అడవి అంచు పల్లెలకు వచ్చేసరికి పలచబడ్డాయి. పోకెమాన్లను పట్టే ఆట అసలు అడవి ఉన్నచోట ఆడడం కష్టమైంది.

ఇప్పుడు స్విచ్ యంత్రాలు మన దగ్గరా అక్కడక్కడా కనబడుతున్నాయి, దిగుమతి దుకాణాల్లో కొన్నవో, డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చిన చుట్టాలు సూట్‌కేసులో పెట్టుకొచ్చినవో. తెప్పించుకునేవాళ్ళకు రంగు లెక్క పనికొస్తుంది. ఇంట్లో ఒక్కరే ఆడతారంటే ఏ రంగైనా ఒకటే, జంట ప్యాక్ దండగ, కథ రెండిట్లోనూ అదే. అక్కడి మేనబావో పెదనాన్న కూతురో ముందే ఒకటి కొన్నారంటే రెండోది అడగాలి. దూరాన ఉన్నవాళ్ళతో ఇంటర్నెట్ మీద మార్చుకోవాలంటే నింటెండో ఆన్‌లైన్ చందా కట్టాలి. అమెరికాలో ఒకరికి ఏడాదికి 19.99 డాలర్లు. సంక్రాంతికి ఇద్దరూ ఒకే గదిలో చేరితే వైర్‌లెస్‌లో మార్చుకోవడానికి ఏ చందా అక్కర్లేదు.